యూదుడు: యౌగికమా, రూఢమా?



మిరపకోతలు ముగిసి కల్లాల్లో కాయ ఎండుతున్న రోజులివి. కిటికీ తెరిస్తే తుమ్ములు, మూస్తే ఉక్క. ఇటువంటి వేళ, గత ఆదివారం సాయంత్రం నా పాత విద్యార్థి ఒకడు ఫోను చేశాడు. కుశలప్రశ్నలు ముగియగానే, "అయ్యవారూ, ఒక సందేహమండీ. యూదుడు యేసే మెస్సీయ అని నమ్మాడనుకోండి. ఇంకా యూదుడేనా, కాడా?" అని అడిగాడు.

వ్యాకరణం చెప్పిన పంతులును పట్టుకొని వేదాంతం అడుగుతావేమిరా అన్నాను. "ఇదీ వ్యాకరణమే కదండీ, ఒక మాట ఎవరికి చెల్లుతుందనేగా!" అన్నాడు. బడిలో ఒక్కనాడూ సంధులు తిన్నగా అప్పజెప్పినవాడు కాదు. నన్ను మాత్రం నోరు మూయించాడు.

వాడు ఊరక అడగలేదు. వాడిది తరతరాలుగా చర్చికి వెళ్ళే ఇల్లు. చెల్లెలిని ఇచ్చిన ఇల్లు శనివారం పాటించే ఇల్లు. మన ప్రాంతం ఎరుగని మిత్రుల కోసం ఈ శనివారపు సంగతి కొంత చెప్పాలి.

చేబ్రోలు అనగానే నాబోటివాళ్ళకు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించిన చతుర్ముఖ బ్రహ్మ ఆలయం గుర్తుకు వస్తుంది. ఆ చేబ్రోలు చెంతనే కొత్తరెడ్డిపాలెం. అక్కడ యూదుల ప్రార్థనామందిరం ఉన్నదంటే చాలామంది నమ్మరు. ష్ముయెల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే సోదరుల నాయకత్వంలో 1980లలో కొన్ని మాదిగ కుటుంబాలు తాము బెనె ఎఫ్రాయిము, అనగా ఎఫ్రాయిము సంతతి, అని ప్రకటించుకున్నాయి. అష్షూరు రాజులు చెరపట్టి చెదరగొట్టిన ఇశ్రాయేలు గోత్రాలలో తమదొకటని వారి విశ్వాసం. అంతకు మునుపు వారు బాప్టిస్టు సంఘంవారు. శవాన్ని దహనం చేయక పూడ్చడం, గోమాంస భోజనం వంటి ఆచారాలను తమ ప్రాచీనతకు ఆనవాళ్ళుగా చూపుతారు. ఊరు ఏ ఆచారాలను పట్టుకొని వారిని వెలివాడలో ఉంచిందో, ఆ ఆచారాలనే వారు వంశపత్రికగా తిరగవ్రాసుకున్నారన్నమాట. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే ఇద్దరు పరిశోధకులు వీరిని గురించి 2013లో ఆక్స్‌ఫర్డ్ వారి ద్వారా ఒక గ్రంథమే వెలువరించారు.

వీరి పూర్వగాథ చరిత్రకు నిలుస్తుందా అన్న చర్చ జోలికి నేను పోను. అగ్నికుండంలోనుండి పుట్టామనే రాజవంశాలను పాఠ్యపుస్తకాల్లో గౌరవంగా చదివినవాళ్ళం. ఒక పల్లె చెప్పుకొనే గాథ దగ్గర మాత్రం శాసనాధారాలు అడగడం మర్యాద కాదు.

నా విద్యార్థి ప్రశ్న వీరి కథకు అద్దంలో ప్రతిబింబం వంటిది. అక్కడ యేసును స్వీకరించిన యూదుడు యూదుడేనా అన్న సందేహం. ఇక్కడ యేసును విడిచిన క్రైస్తవుడు యూదుడు కాగలడా అన్న సందేహం. రెండు చోట్లా తలుపు వెలుపల నిలబడినవాడే సంజాయిషీ చెప్పుకోవాలి.

ముందు మాట సంగతి. మెస్సీయ అనేది హెబ్రీ శబ్దం. అభిషేకం పొందినవాడని అర్థం. దానికి గ్రీకు అనువాదమే క్రీస్తు. రాజులకూ, యాజకులకూ తైలాభిషేకం చేసేవారు గనుక ఆ పేరు పలువురికి చెల్లింది. పారసీక రాజు కోరెషు యూదుడు కాకపోయినా యెషయా గ్రంథం అతణ్ణి అభిషిక్తుడనే పిలిచింది. పోను పోను ఆ మాట రానున్న ఒకే ఒక్క విమోచకుడికి మీదుకట్టింది.

ఆ విమోచకుడు ఇతడేనని ఒకరిని నమ్మడం యూదుల చరిత్రలో అపూర్వమేమీ కాదు. క్రీ.శ. 132లో రోమను ప్రభుత్వంపై తిరుగుబాటు లేవదీసిన బార్ కోఖ్బాను రబ్బీ అకీవా అంతటి పండితుడు మెస్సీయగా భావించాడని తల్మూదు సంప్రదాయం చెబుతుంది. 135 నాటికి తిరుగుబాటు అణగిపోయింది. అకీవాను మాత్రం నేటికీ మహాగురువుగానే తలుస్తారు. 1665లో షబ్బతాయి జ్వీని మెస్సీయ అని నమ్మి దేశదేశాల యూదులు ఉప్పొంగిపోయారు. మరుసటి ఏడే అతడు సుల్తాను ఎదుట ఇస్లాం స్వీకరించాడు. నిరాశపడి ఇంటికి మళ్ళినవారిని ఎవరూ వెలివేయలేదు. అతని వెంట మతం మారినవారు మాత్రం దోన్మేలనే వేరు జాతిగా మిగిలారు. ఇక మన కాలంలో, 1994లో న్యూయార్కులో కన్నుమూసిన మెనాఖెమ్ మెండెల్ ష్నీర్సన్ గారినే మెస్సీయగా నమ్మే శిష్యులున్నారు. దీన్ని ఆక్షేపిస్తూ డేవిడ్ బెర్గర్ అనే పండితుడు 2001లో ఒక గ్రంథం వ్రాశాడు. తోటి సనాతనులు ఈ నమ్మకాన్ని చూసీ చూడనట్లు పోతున్నారన్నదే ఆయన బాధ. ఆ శిష్యులు యూదులు కారని వెలివేసిన వ్యవస్థ ఏదీ లేదు.

కాబట్టి మెస్సీయను నమ్మడం దోషం కాదు. మరణించినవాణ్ణి నమ్మినా కొంతవరకు చెల్లుబాటవుతూనే ఉంది. యేసు పేరు దగ్గరే తలుపు మూసుకొంటున్నది. దైవత్వం, త్రిత్వం వంటి సిద్ధాంత భేదాలు ఉన్నమాట నిజమే, అవి చిన్నవీ కావు. కానీ అసలు కారణం సిద్ధాంతంలో కంటే చరిత్రలో ఉన్నదని నా నమ్మకం. అది తరువాత.

మా తెలుగు పండిత శిక్షణలో శబ్దశక్తిని గురించి చెప్పేటప్పుడు పంకజ శబ్దాన్ని ఉదాహరణగా ఇచ్చేవారు. పంకం నుండి పుట్టినది పంకజం. ఆ లెక్కన కప్పా పంకజమే, జలగా పంకజమే. కానీ లోకం తామరను మాత్రమే పంకజమంటుంది. అవయవార్థం యోగం, లోకప్రసిద్ధి రూఢి. రెండూ కలిస్తే యోగరూఢం. యూదుడు అన్న మాట దగ్గర జరుగుతున్న తగవంతా ఇదే. ధర్మశాస్త్రం యోగార్థం చెబుతుంది: యూదు తల్లికి పుట్టినవాడు యూదుడు, పాపం చేసినా ఇశ్రాయేలు నుండి తొలగిపోడు. 11వ శతాబ్దపు వ్యాఖ్యాత రాషీ, భయంతో బాప్తిస్మం పుచ్చుకొని తిరిగి వచ్చినవారిని సమాజంలో కలుపుకోవడానికి ఈ సూత్రాన్నే ఆధారం చేసుకున్నాడు. లోకవ్యవహారం మాత్రం రూఢ్యర్థాన్ని పట్టుకుంటుంది: చర్చిలో మోకరిల్లేవాణ్ణి యూదుడని ఎవరంటారు?

ఈ రెండర్థాలూ ఒకసారి న్యాయస్థానంలో ఎదురుబొదురుగా నిలిచాయి. ఓస్వాల్డ్ రూఫైసెన్ 1922లో పోలెండులో పుట్టిన యూదుడు. యుద్ధకాలంలో తన జన్మ దాచి జర్మను పోలీసుల వద్ద దుబాసీగా చేరి, 1942లో మీర్ అనే పట్టణంలో రానున్న మారణకాండను ముందుగా తెలియజేసి సుమారు 300 మంది యూదులు తప్పించుకొని పోవడానికి కారకుడయ్యాడు. తరువాత ఒక కాన్వెంటులో దాగి, అక్కడే కాథలిక్కయి, ఆపై బ్రదర్ దానియేలు అనే పేర సన్యాసి అయ్యాడు. ఇశ్రాయేలు చేరి, 1950 నాటి పునరాగమన చట్టం క్రింద యూదుడిగా పౌరసత్వం కోరాడు. "మతం క్రైస్తవం, జాతి యూదు" అన్నది అతని వాదం. 1962లో అక్కడి సుప్రీంకోర్టు అయిదుగురిలో నలుగురి మాటగా కాదన్నది. చిత్రమేమంటే, ధర్మశాస్త్రం ప్రకారం అతడు యూదుడే కావచ్చునని ఒప్పుకొంటూనే కాదన్నది! ఇది లౌకిక చట్టం, ఇందులోని మాటకు సామాన్య జనం ఏ అర్థం చెప్పుకుంటారో అదే అర్థం అన్నది. అంటే యోగాన్ని తోసి రూఢిని నిలబెట్టింది. తరువాత 1970లో ఆ చట్టాన్ని సవరించి, యూదు తల్లికి పుట్టి, లేదా యూదు మతంలో చేరి, "అన్యమతస్థుడు కానివాడు" అని నిర్వచనం వ్రాసుకున్నారు. 1989లో బెరెస్‌ఫర్డ్ దంపతుల వ్యాజ్యంలో యేసును మెస్సీయగా నమ్మే యూదులు అన్యమతస్థులేనని కోర్టు తేల్చింది. బ్రదర్ దానియేలు మరో మార్గంలో పౌరుడై 1998లో హైఫాలో కన్నుమూశాడు. మూడు వందల ప్రాణాలు కాపాడినవాడికి ఆ ఒక్క మాట ఇవ్వడానికి చేతులు రాలేదే అని నాకు దిగులు వేస్తుంది.

కానీ ఆ న్యాయమూర్తులను కఠినులని తిట్టలేను. వారికి బాప్తిస్మమంటే ఏమిటి? 1391లో స్పెయిను వీధుల్లో కత్తి మెడమీద పెట్టి ఇచ్చిన నీరు. 1492లో, అయితే మునుగు, లేదంటే దేశం విడిచి పో, అన్న రాజాజ్ఞ. శతాబ్దాల పాటు తమవాళ్ళను మింగిన నీళ్ళు అవి. ఆ నీటిలో ఇష్టపూర్వకంగా దిగినవాడు, హింసపడుతున్న వాళ్ళను విడిచి హింసించేవాళ్ళ గట్టుకు చేరినట్లు వారికి కనబడుతుంది. మీరు గతంలో మునిగారు, మేమూ ఇప్పుడు ప్రేమతో ముంచుతాం అని ఏ సంఘంవారైనా హెబ్రీ పాటలతో వస్తే వారు ఉలికిపడడంలో వింత లేదు. అసలు కారణం చరిత్రలో ఉన్నదన్నది ఇందుకే.

ఇప్పుడు మన గుండ్లకమ్మ దగ్గరకు రండి. 1876-78 కరువు వెళ్ళీవెళ్ళక ముందే, 1878 జూలై 3న వేలంపల్లి దగ్గర ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషను వారు ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. వారిలో అత్యధికులు మాదిగలు. కరువులో బకింగ్‌హాం కాలువ పని గుత్తకు తీసుకొని జాన్ క్లౌ దొర కూలి ఇప్పించాడు గనుక వచ్చారని కొందరు ఎత్తిపొడుస్తారు. అన్నం పెట్టినవాడి దేవుణ్ణి నమ్మడం తప్పయితే, పెట్టనివాడి దేవుడి సంగతేమిటి? ఆ నీటిలో దిగిన కుటుంబాల పిల్లలకు పలకా బలపం చేతికి వచ్చాయి. అదే నీరు, స్పెయినులో వంశాన్ని తుడిచిపెట్టడానికి వాడారు, గుండ్లకమ్మలో అక్షరానికి వాకిలి అయింది. కాబట్టి అక్కడి రూఢిని తెచ్చి ఇక్కడి మనుషులపై పరచడం కుదరదు.

అయినా పరిచాము. ఆ మాటే ఇప్పుడు చెప్పవలసి ఉంది.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్థుడు కాడు. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ ఆ తలుపు తీశారు. క్రైస్తవులకు తీయలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవం స్వీకరించిన దళితులు బీసీ-సి కింద, ఒక్క శాతం వాటాలోకి వస్తారు. 1976లో సుప్రీంకోర్టు విన్న వ్యాజ్యం ఒకటి మన గుంటూరు వైద్యకళాశాలదే. తల్లిదండ్రులు క్రైస్తవం పుచ్చుకున్న మాదిగ విద్యార్థి ఒకరు శుద్ధి చేయించుకొని హిందువై షెడ్యూల్డు కులం సీటు కోరారు. చెల్లుతుందా అంటే, ఆ కులంవారు తమవాడిగా తిరిగి కలుపుకుంటే చెల్లుతుందన్నది న్యాయస్థానం. అంటే ఇక్కడా రూఢే: జనం ఏమంటే అది. 1985లో మదరాసు కాలిబాట మీద చెప్పులు కుట్టుకునే సూసై అనే ఆయన, తోటివారికి ఇచ్చిన బంకు తనకు క్రైస్తవుడన్న కారణాన ఇవ్వలేదని మొరపెట్టుకుంటే, మతం మారాక కూడా అంతే కష్టం ఉన్నదని రుజువు చేయలేదని కొట్టివేశారు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఒక పాస్టరు గారి కేసులో, మతం మారినంతనే ఆ రక్షణ పోతుందన్నది.

చట్టం చెప్పవలసినది చెప్పింది. కానీ 1985 జూలై 17న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగపల్లె మీద పడినవాళ్ళు ఎవరినీ మతం అడగలేదు. 1991 ఆగస్టు 6న అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో మాలపల్లెవారిని తరిమినవాళ్ళూ అడగలేదు. 1942లో ఎడిత్ స్టెయిన్ అనే యూదు విదుషిని, ఆమె కాథలిక్ సన్యాసిని అయి ఏళ్ళు గడిచినా, ఆష్విట్జ్‌కు పంపినవాళ్ళూ అడగలేదు. శత్రువు ఎప్పుడూ యోగార్థాన్నే పట్టుకుంటాడు. రక్షించవలసినవాడే రూఢ్యర్థం వెదుకుతాడు. దీనికి ఎదురు వాదం లేకపోలేదు: శత్రువు పెట్టిన పేరునే ఖాయం చేయాలా అని. కూడదు. కానీ దెబ్బ ఆ పేరు మీదనే పడుతున్నంత కాలం, మందు కూడా ఆ పేరు మీదనే ఇవ్వాలి గదా.

అక్కడికీ ఇక్కడికీ ఒక భేదం ఉన్నదని మరువరాదు. బ్రదర్ దానియేలుకు ఆ పేరే గౌరవం. మా పల్లెవాడికి కావలసింది గౌరవంగా పలికే పేరు. కాగితం మీద కులం కావాలన్నది వెసులుబాటు కోసం. కొత్తరెడ్డిపాలెంవారు రెండిటినీ ఒక్కచోట వెదుక్కున్నారేమో అనిపిస్తుంది. వారి ఇబ్బంది మరీ విచిత్రం: యూదులమని వ్రాయించుకుంటే షెడ్యూల్డు కులం పోతుంది, బీసీ-సి క్రైస్తవులది గనుక అందులోనూ గడి లేదు. మణిపురం, మిజోరంల బెనె మెనాషేలను 2005లో ఇశ్రాయేలు ప్రధాన రబ్బీ ఒకరు ఆ సంతతిగా అంగీకరించారు. వీరికి ఆ మాటా దక్కలేదు. అంతెందుకు, తరతరాల యూదులైన కొచ్చిలోనే, దాస్యవిముక్తుల సంతతిని పరదేశి ప్రార్థనామందిరంలో కూర్చోనివ్వక పోతే అబ్రహాం బరాక్ సేలెం గారు సత్యాగ్రహం చేయవలసి వచ్చింది. పుట్టుక సందేహం లేనివాళ్ళకే అది గతి.

ఇంత వ్రాసి నా సంగతి దాచడం ధర్మం కాదు. నా ఉద్యోగం క్రొత్తలో, ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో ఆరవ తరగతి ప్రవేశాల పని నా మీద పడింది. ఒక నాయన కొడుకును వెంటబెట్టుకొని వచ్చాడు. పేరు, పుట్టిన తేదీ అయ్యాక మతం గడి వచ్చింది. పిల్లవాడి పేరు బైబిలులోది, మెడలో శిలువ. నేను అడగనైనా అడగక "క్రైస్తవ" అని వ్రాసి, ప్రక్కన బీసీ-సి అని వ్రాశాను. సత్యం వ్రాశానని తృప్తి కూడా పడ్డాను. ఆయనకు చదువు రాదు. వేలిముద్ర వేసి దండం పెట్టి వెళ్ళాడు. మరుసటి ఏడు, ఎస్సీ విద్యార్థి వేతనం తోటి పిల్లలకు వచ్చి తన కొడుక్కి రాలేదని వచ్చాడు. "అయ్యగారూ, దేవుణ్ణి మార్చుకుంటే పేట మారిద్దాండీ? మేం ఆడనే గదా ఉండేది" అన్నాడు. వ్రాసినది దిద్దే అధికారం నాకు లేదన్నాను. నిజంగానే లేదు. అయితే వ్రాసే ముందు అడిగే అధికారం ఉండింది. ఆ పిల్లవాడే నిన్నటి నా ఫోను.

మతము అనే మాటకు సంస్కృతంలో అభిప్రాయమని అర్థం. వ్యాఖ్యానాల్లో "ఇతి ఫలానావారి మతం" అంటే ఫలానావారి అభిప్రాయం. అభిప్రాయం మారినంత మాత్రాన పుట్టిల్లు మారదు. నా మతంలో యేసును నమ్మిన యూదుడు యూదుడే. అతణ్ణి ప్రార్థనకు పెద్దగా నిలబెట్టాలా వద్దా అన్నది ఆ మందిరంవారి ఇష్టం. అందులో బయటివాడికి పనిలేదు. పుట్టుకను కొట్టివేసే హక్కు మాత్రం ఏ మందిరానికీ, ఏ కోర్టుకీ, ఏ పంతులుకీ లేదు. అలాగే కొత్తరెడ్డిపాలెంవాడు యూదుడనని చెప్పుకుంటే, ఆ గాథ నమ్మినా నమ్మకపోయినా, ఆ పేరుతోనే పిలుస్తాను. వాడు మాదిగ అన్న సత్యం దానివల్ల చెరగదు, వాడికి రావలసినదీ ఆగకూడదు. దీనితో మీలో కొందరు ఏకీభవించరని తెలుసు.

ఇదంతా ఫోనులో చెబితే, వాడు ఓపికగా విని, "అది కాదండీ, మా మేనకోడలిని ఆరో తరగతిలో చేర్పిస్తన్నాం. దరఖాస్తు నా ముందే ఉంది. మతం గడి దగ్గర ఆగిపోయా. ఏం రాయమంటారు?" అన్నాడు.

వాళ్ళ నాన్నను అడిగి వ్రాయమన్నాను. సరేనండీ, సాయంకాలం మళ్ళీ చేస్తానన్నాడు. ఇంకా చేయలేదు.